‘తండ్రి పోలికే వచ్చిందేమోనని భయంగా ఉంది’

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి, పాప ఐదు. మావారు కోపం వస్తే పిల్లల ముందే నా మీద చేయి చేసుకుంటారు. సందు మొదట్లో ఆయన బండి చప్పుడు వినగానే బాబు టీవీ కట్టేసి, చెల్లెల్ని లోపలి గదిలోకి పంపి, తాను మాత్రం హాల్లో కూర్చుంటాడు. మార్కులు బాగా తగ్గాయి. మొన్న చెల్లెల్ని చెంప మీద కొట్టాడు. తండ్రి పోలికే వచ్చిందేమోనని భయంగా ఉంది. పిల్లల కోసమే అన్నీ భరిస్తున్నాను.
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: చెల్లెల్ని లోపలికి పంపిందీ, అదే చెల్లెల్ని కొట్టిందీ ఒకే భయంతోనే. రోజూ సాయంత్రమయ్యేసరికి ఏ క్షణాన ఏం జరుగుతుందోనని కాపలా కాసే పిల్లవాడికి నిద్ర సరిగా పట్టదు, చదివింది గుర్తుండదు, తలనొప్పి, కడుపునొప్పి రావచ్చు, చిన్న మాటకే కోపం ముంచుకొస్తుంది; పెద్దలు దీన్ని బద్ధకమనో పొగరనో అనుకుంటారు. ఇలాంటి ఇళ్లలో పెరిగినవారు తామూ చేయి చేసుకునే ప్రమాదం కొంత ఎక్కువే అయినా, చాలామంది అలా మారరు. కొట్టడం తప్పని బాబుకు స్పష్టంగా చెప్పండి గానీ, ‘అచ్చం మీ నాన్నవే’ అని మాత్రం అనకండి.

ఇంట్లో ఎవరూ లేనప్పుడు కూర్చోబెట్టి, ఈ గొడవలు వాడి వల్ల కాదనీ, మిమ్మల్ని కాపాడే బాధ్యత వాడిది కాదనీ చెప్పండి. ‘మీ కోసమే భరిస్తున్నాను’ అన్న మాట మీరు ప్రేమతోనే అంటారు, కానీ తన వల్లే అమ్మ దెబ్బలు తింటోందన్న భావం వాడిలో నాటుకుపోతుంది. తండ్రి మీద వాడికి ప్రేమ కూడా ఉండవచ్చు, దాన్ని చంపుకోమనకండి. గొడవ మొదలైతే మధ్యలోకి రాకుండా, చెల్లెల్ని తీసుకొని నమ్మకమైన పొరుగింటికి వెళ్లి అత్యవసర సహాయ నంబరు 112కు ఫోన్ చేయాలని ముందే చెప్పి ఉంచండి.

భరించడమొక్కటే దారి కాదు. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం కింద మీరు అదే ఇంట్లో ఉంటూనే, ఆయన మిమ్మల్ని హింసించకూడదనే రక్షణ ఉత్తర్వును కోర్టును కోరవచ్చు. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే దారి చూపుతారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ, మీ ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. పెద్దమనుషుల్లో కూర్చోబెట్టి రాజీ చేయించడాన్ని నేను సమర్థించను: నలుగురిలో మీరు చెప్పిన మాటకు ఆ రాత్రి ఇంట్లో దెబ్బలు పడవచ్చు.

బాబును గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్) మానసిక వైద్య విభాగంలో చూపించండి. అంతవరకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీమానస్ 14416లో తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు. చచ్చిపోవాలని ఉందన్నా, తండ్రిని ఏదైనా చేస్తానన్నా, ఉత్తి మాటేలే అనుకోక ఆ రోజే తీసుకువెళ్లండి.