బోట్ల పోటీ రోజు మిగతా పడవల్ని ఆపాలా? ఆపితే ఆగుతారా?

ప్రశ్న: మా ఊరి దగ్గర రిజర్వాయర్‌లో పండక్కి మోటారు బోట్ల పోటీ పెట్టాలని కుర్రాళ్ళు అనుకుంటున్నారు. అక్కడ చేపలు పట్టేవాళ్ళున్నారు, అవతలి ఒడ్డుకు మనుషుల్ని దాటించే పడవ కూడా ఉంది. పోటీ జరిగే రెండు మూడు గంటలు వాటన్నింటినీ ఆపేయాలా? మనం చెబితే ఆగుతారా?

జవాబు:

ఆపాలి. ఆగుతారు కూడా. కాకపోతే ఎన్ని గంటలకు వదులుతారో ముందే చెప్పి, ఆ మాట మీద మీరు నిలబడాలి. మేం నిలబడలేదు. ఒక పెద్దాయన నీళ్ళలో పడ్డాడు. ఎవరి నోటో విన్నది కాదు, తప్పు చేసిన వాళ్ళలో నేనూ ఉన్నా కాబట్టి రాస్తున్నా.

నాది నందికొట్కూరు. మోటర్లు రిపేరు చేస్తాను. ఎక్కువగా బోరు మోటర్లే, అప్పుడప్పుడు పడవల ఇంజిన్లు కూడా వస్తాయి. మా అత్తగారి ఊరు శ్రీశైలం బ్యాక్‌వాటర్ ఒడ్డున, సంగమేశ్వరం వైపు. కొన్నేళ్ళ కిందట సంక్రాంతికి మా బామ్మర్ది, వాడి స్నేహితులు కలిసి ఫైబర్ బోట్లకు పోటీ పెట్టారు. ఆరు బోట్లు, నీళ్ళలో తేలేసిన రెండు డ్రమ్ముల చుట్టూ మూడు రౌండ్లు. 2018 నవంబరులో విజయవాడ కృష్ణలో ఫార్ములా వన్ పవర్‌బోట్ పోటీ జరిగింది కదా, అది చూసొచ్చినప్పటి నుంచీ వాళ్ళకు అదే పిచ్చి. ఆ బోట్లు గంటకు 200 కిలోమీటర్లు దాటిపోతాయి. వాటికి బ్రేకులుండవు, గేర్లుండవు. మావి ఎక్కడ, అవి ఎక్కడ! మావి నలభై దాటితే గొప్ప. అసలు ఆ నలభైయే మమ్మల్ని ముంచింది. మనదేం రేసు, పిల్లలాట కదా అనుకున్నాం.

తర్వాత కూర్చుని లెక్క వేసుకున్నా. గంటకు 40 కిలోమీటర్లంటే సెకనుకు పదకొండు మీటర్లు. వంద మీటర్ల ముందు ఒక పుట్టి, అంటే జాలర్ల చిన్న గుండ్రటి పడవ, కనిపించిందనుకోండి, మీ చేతిలో ఉన్నవి తొమ్మిది సెకన్లు. పుట్టిలో ఉన్నవాడు ప్రాణభయంతో తెడ్డు వేసినా ఆ తొమ్మిది సెకన్లలో పది మీటర్లు పక్కకు జరిగితే ఎక్కువ. అది కూడా బోటువాడు చూశాడంటేనే. చిన్న బోటు వేగం అందుకునేటప్పుడు ముందుభాగం పైకి లేస్తుంది. వెనక కూర్చుని మోటరు పిడి పట్టుకున్నవాడికి కాసేపు బోటు ముక్కు, దాని పైన ఆకాశం తప్ప ఏమీ కనపడవు. పుట్టేమో నీళ్ళకు జానెడు ఎత్తున ఉంటుంది. తారు పూసిన నలుపు వేరే.

ఇంకోటి, ఇదే చాలామందికి తట్టదు. గుద్దుకోవడం ఒక్కటే ప్రమాదం కాదు. బోటు వెళ్ళిపోయాక దాని అల వస్తుంది. రేసు దారికి వంద మీటర్ల అవతల ఉన్నాం, మనకేం అనుకునే పుట్టిని కూడా అది వచ్చి లేపుతుంది. పుట్టి గుండ్రంగా, అడుగు చదునుగా ఉంటుంది. ఊరికే కూర్చుంటే అంత తేలిగ్గా బోల్తా పడదు. కానీ వల లాగేవాడు ఊరికే కూర్చోడు. ఒక అంచు మీదికి వంగి, బరువంతా అటే వేసి లాగుతుంటాడు. ఆ క్షణంలో అల అవతలి అంచు కిందికి దూరితే అంతే. అందుకే మీరు మూయాల్సింది బోట్లు పరిగెత్తే దారి ఒక్కటే కాదు, అల చేరే దూరమంతా. మేం దారి ఒక్కటే మూశాం.

మొదటి పొరపాటు రిహార్సల్ రోజే బయటపడింది. చాటింపు మా ఒడ్డున వేయించాం. రేవులో బోర్డు పెట్టాం. చుట్టుపక్కల ఊళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో కూడా పెట్టాం. అవతలి ఒడ్డు తెలంగాణ, కొల్లాపూర్ వైపు. అక్కడ ఎవరికీ చెప్పలేదు. చెప్పాలన్న ఆలోచనే రాలేదు. పదిన్నరకు రెండు బోట్లను ఊరికే తిప్పి చూస్తుంటే ఆవలి నుంచి పడవ మామూలుగా వచ్చేసింది. అందులో పాతిక మంది మనుషులు, మూడు బైకులు, ఒక మేకపిల్ల. మావాళ్ళు వేగం తగ్గించారు కాబట్టి ఏం కాలేదు. పడవ నడిపే ఆయన మాత్రం దిగి వచ్చి మమ్మల్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఆయన కోపం ఊరికే వచ్చింది కాదు. 2007 జనవరిలో మంచాలకట్ట రేవు దగ్గర ఇదే నీళ్ళలో పడవ మునిగి అరవై మంది దాకా పోయారు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఇప్పటికీ పడవ కొంచెం ఊగితే చాలు, ఆడవాళ్ళు పిల్లల్ని గట్టిగా పట్టుకుంటారు. అలాంటి చోట మేం అలలు లేపుతున్నాం.

ఆ రాత్రే అవతలి ఊరి పెద్దమనుషులకు, అక్కడి స్టేషన్‌కు ఫోన్లు చేశాం. తొమ్మిది నుంచి పదకొండు దాకా రేవు బంద్, పదకొండుకు వదిలేస్తాం అని చెప్పాం. మా వైపు జాలర్లకు కూడా అదే మాట. అందరూ సరే అన్నారు. నిజంగానే సరే అన్నారు, పోటీ రోజు తొమ్మిది గంటలకు నీళ్ళ మీద ఒక్క పుట్టి లేదు. చూసి మాకే ఆశ్చర్యమేసింది.

తొమ్మిదికి రావాల్సిన ముఖ్య అతిథి పదీ నలభైకి వచ్చారు. శాలువా, రెండు మాటలు, ఫొటోలు. మొదటి రౌండుకు జెండా ఊపేసరికి పదకొండుకు పది నిమిషాలు.

నేను అవతలి డ్రమ్ము దగ్గర కాపలా బోటులో ఉన్నా. ఏదైనా అడ్డం వస్తే ఎర్ర గుడ్డ ఊపి పోటీ ఆపించడం నా పని. ఆ ఎర్ర గుడ్డ ఎక్కడుందో చెబితే నవ్వుతారు. పొద్దున టిఫిన్‌కు ఉగ్గాని బజ్జి పొట్లాలు తెచ్చుకున్నాం, వాటిని దాంట్లోనే మూటగట్టి బోటు అడుగున పెట్టుకున్నాం. పొద్దుట్నుంచి ఎదురు చూసీ చూసీ విసుగొచ్చి, ఇక కాపలా అన్న మాటే మర్చిపోయాం.

పదకొండు దాటిందని మాకు గుర్తు లేదు. ఒడ్డున కూర్చున్న ఆ పెద్దాయనకు గుర్తుంది. రాత్రి వేసిన వల నీళ్ళలోనే ఉంది. ఎండెక్కితే వలలో చేప మెత్తబడుతుంది, పదకొండున్నరకు వచ్చే వ్యాన్‌వాడు రేటు సగానికి కోస్తాడు. ఆయన బటన్ ఫోన్ తీసి టైం చూసుకుని, పదకొండు కాగానే పుట్టి దింపి వల దగ్గరికి పోయాడు. మేం చెప్పినట్టే చేశాడు.

నేను చూసేసరికి ఆయన వంగి వల లాగుతున్నాడు. రెండు బోట్లు ఆయనకు కాస్త దూరంగా మలుపు తిరిగాయి. ఒక్కటీ తగల్లేదు. అమ్మయ్య అనుకున్నా. అప్పుడు రెండు బోట్ల అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మొదటిదానికి పుట్టి లేచింది, అది సర్దుకునే లోపే రెండోది వచ్చింది. బోల్తా. నల్లటి అడుగు పైకి కనిపించింది, మనిషి కనపడలేదు. నేను ఉగ్గాని మూట విప్పుతున్నా! ముడి గట్టిగా బిగుసుకుపోయింది. చివరికి మూటనే అట్లాగే పైకెత్తి ఊపా, పొట్లాలు నీళ్ళలో పడ్డాయి. మా ఇంజిన్ తాడు మూడోసారి లాగితే గానీ స్టార్ట్ కాలేదు. చేరేసరికి ఆయన పుట్టి అంచు ఒక చేత్తో పట్టుకుని ఉన్నాడు, ఇంకో చేయి వలలో చిక్కుకుంది. లైఫ్ జాకెట్లు పోటీ కుర్రాళ్ళకు మాత్రమే ఇచ్చాం, ఆయనకెందుకు ఉంటుంది? ఆ కంగారులో మా మోటరు ఫ్యాను ఆయన వలను సగానికి కోసేసింది.

పైకి లాగాక కాసేపు దగ్గి, నా వైపు చూసి అన్న మాట ఒక్కటే. "పదకొండుకు ఇడుస్తామంటిరి కదా సామీ. నేను పదకొండు దాకా కూచ్చుంటి కదా."

అక్కడితో ఆ ఏటి పోటీ ఆపేశాం.

ఇలాంటివి వేరేచోట ఎలా చేస్తారా అని తర్వాత చదివా. అమెరికాలో కోస్ట్ గార్డ్ పరిధిలోని నీళ్ళలో అయితే చాలా బోటు పోటీలకు వాళ్ళు ముందే నోటీసు అచ్చేస్తారు. ఏ తేదీ, ఏ గంట నుంచి ఏ గంట దాకా, అక్షాంశ రేఖాంశాలతో సహా ఎక్కడి నుంచి ఎక్కడి దాకా నీళ్ళు మూస్తున్నారో అందులో ఉంటుంది. ఆ నీళ్ళకు పెట్రోల్ కమాండర్ అని ఒక మనిషి ఉంటాడు. లోపలికి రావాలన్నా, దాటిపోవాలన్నా ఆయన్ని అడగాలి. ఒప్పుకుంటే అల లేవనంత నిదానంగా పోవాలి. చూసేవాళ్ళ పడవలకు వేరే చోటు కేటాయిస్తారు. నాకు నచ్చింది ఆ ఒక్క మనిషి సంగతి. మా దగ్గర ఆపండి అనే హక్కు పది మందికి ఉంది, అందుకే ఒక్కడూ అనలేదు. గెస్టు లేటయినప్పుడు "ఇక ఈ రోజుకు కుదరదు" అని చెప్పాల్సినవాడు ఎవడో తేలలేదు. మీరు ముందు ఆ మనిషిని తేల్చుకోండి. బోటు ఓనరు వద్దు, కమిటీ అధ్యక్షుడు అస్సలు వద్దు.

అనుమతుల సంగతి క్లుప్తంగా: రిజర్వాయరు ఇరిగేషన్ వాళ్ళది, చేపల వ్యవహారం మత్స్యశాఖ, మత్స్యకార సొసైటీలది, రేవు, శాంతిభద్రతలు రెవెన్యూ, పోలీసులవి. అందరికీ కాగితం ఇవ్వండి. కాగితం మీద మూసే గంటతో పాటు తెరిచే గంట కూడా రాయండి. సొసైటీ వాళ్ళతో మాట్లాడాం కదా అని సరిపెట్టుకోవద్దు. బ్యాక్‌వాటర్ ఒడ్డున గుడిసెలు వేసుకుని ఉత్తరాంధ్ర నుంచి వలస వచ్చిన జాలర్లు కూడా ఉంటారు, వాళ్ళు ఏ ఊరి వాట్సాప్ గ్రూపులోనూ ఉండరు. గుడిసె దాకా పోయి చెప్పాలి.

గుర్తుల డ్రమ్ముల గురించి ఒక మాట. నీటిమట్టం రోజూ మారుతుంది. శ్రీశైలానికి నిండు మట్టం 885 అడుగులు. కింద కరెంటు తీస్తుంటారు, పక్కన పోతిరెడ్డిపాడుకు నీళ్ళు వదులుతుంటారు, మట్టం దిగుతూనే ఉంటుంది. ముప్పై అడుగుల లోతులో ముప్పై అడుగుల తాడుకు రాయి కట్టి డ్రమ్ము తేలేశారనుకోండి. నీళ్ళు ఒక్క అడుగు తగ్గితే ఆ డ్రమ్ము ఏ గాలికైనా ఏడెనిమిది అడుగులు పక్కకు జరుగుతుంది. మూడు రోజుల ముందు వేసి ధీమాగా ఉండొద్దు, పోటీ రోజు పొద్దున మళ్ళీ తాడు బిగించండి. మట్టం తగ్గేకొద్దీ మునిగిన చెట్ల మోళ్ళు, పాత ఊళ్ళ గోడలు కూడా పైకి దగ్గరవుతాయి. మా దగ్గరైతే సంగమేశ్వరుడి గుడే నీళ్ళ కింద ఉంటుంది. ఎక్కడేముందో అక్కడ పుట్టి నడిపేవాళ్ళకు తెలుసు, మ్యాపులో దొరకదు.

నా వృత్తి కాబట్టి ఇంకోటి చెప్పనివ్వండి. మోటరుకు ఉండే కిల్ స్విచ్ తాడు నడిపేవాడి చేతికో జాకెట్‌కో కట్టి ఉందా లేదా చూడందే ఎవర్నీ వదలొద్దు. మనిషి పడితే ఆ తాడు ఊడి ఇంజిన్ ఆగాలి. లేకపోతే ఖాళీ బోటు గుండ్రంగా తిరుగుతూ పడ్డవాడి మీదికే వస్తుంది. రిపేరుకు వచ్చే మోటర్లలో సగానికి పైగా ఆ తాడుండదు, దాని స్థానంలో పెన్ను క్యాపో తీగ ముక్కో ఇరికించి ఉంటుంది. ఆరు బోట్లు ఉంటే ఆరూ మీ చేత్తో లాగి చూడండి.

తర్వాతి ఏడు మళ్ళీ పెట్టాం. పోటీ మాట ఎత్తే ముందు ఆ పెద్దాయన ఇంటికి పోయాం. "ముందు వల డబ్బులు" అన్నాడు. ఇచ్చాం. అంతకుముందే ఇచ్చి ఉండాల్సింది, అది వేరే సంగతి. ఈసారి జాలర్లను ఒడ్డున కూర్చోబెట్టలేదు. నాలుగు పుట్లకు ఆ పూట కూలి మాట్లాడి, జాకెట్లు ఇచ్చి, అల చేరని దూరంలో నలుగురినీ నాలుగు వైపులా కాపలా పెట్టాం. వాళ్ళవాళ్ళే కాపలా ఉన్నచోటికి ఇంకెవడూ పుట్టి దింపలేదు. అవతలి రేవులో మా మనిషి ఒకడు ఫోన్ పట్టుకుని పొద్దుట్నుంచి కూర్చున్నాడు. ఎర్ర జెండా ఆ పెద్దాయన చేతికే ఇచ్చాం. ఆయన దాన్ని కర్రకు కట్టి, కర్రను మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని కూర్చున్నాడు.

ముఖ్య అతిథి ఆ ఏడు కూడా లేటే. తొమ్మిదింపావుకు మా బామ్మర్ది నా మొహం చూశాడు, నేను జెండా పెద్దాయన వైపు చూశా, ఆయన ఫోన్ తీసి టైం చూసుకున్నాడు. ఇంకేం మాట్లాడలేదు, మొదలుపెట్టేశాం. పదీ నలభైకి చివరి బోటు ఒడ్డెక్కింది, ఇరవై నిమిషాలు ముందే రేవు తెరిచామని అవతలికి ఫోన్ చేశాం. అతిథి కారు వచ్చేసరికి పదకొండయింది. బైకులు వేసుకుని పడవ సగం నది దాటేసింది, పెద్దాయన వల లాగుతున్నాడు. ప్రైజులు మాత్రం అతిథి చేతే ఇప్పించాం.