కణజాలాల కొలతలు చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరం. మైక్రోవేవ్‌లతో శరీర కణజాలాల విద్యుత్ లక్షణాలు కొలిచే సబ్జెక్టులో పీజీ చేస్తానంటోంది. మా కొలీగ్ వాళ్లబ్బాయి ఏఐలో చేరి బాగా సంపాదిస్తున్నాడు. ఏది మంచిది? - ఒక తండ్రి

జవాబు: మీరు అడిగింది ‘ఏది మంచిది’ అనే గానీ, భయమల్లా ఇంత చిన్న సబ్జెక్టు నమ్ముకుంటే పిల్ల ఖాళీగా కూర్చుంటుందేమోనని. కూర్చోదు. ఆమె రోజూ పనిచేసేది వెక్టర్ నెట్‌వర్క్ అనలైజర్ మీద, అంటే మైక్రోవేవ్ సంకేతాన్ని పంపి, తిరిగొచ్చినదాన్ని కొలిచే పరికరం. యాంటెన్నాలు, రాడార్లు చేసేవాళ్లకూ అదే కావాలి. సెల్‌ఫోన్ రేడియేషన్ పరీక్షల్లో మనిషి తలకు బదులు వాడే ద్రవాన్నీ ఇలాగే కొలిచి సరిచూస్తారు. అచ్చంగా కణజాలాల మీదే పనిచేసే ఉద్యోగాలు మాత్రం తక్కువ, వాటికి చాలావరకు పీహెచ్‌డీ అడుగుతారు.

ఇక ఏఐ. ‘మైక్రోవేవ్ స్కాన్ ఇస్తే క్యాన్సర్ అదే పట్టేస్తుంది’ అనే ప్రచారం మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. విద్యుత్ క్షేత్రానికి ఒక పదార్థం ఎంత స్పందిస్తుందో చెప్పే అంకెను పర్మిటివిటీ అంటారు. 2.45 గిగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ దగ్గర కండరానిది సుమారు 53, కొవ్వుది 5 పైచిలుకు. నీరు ఎక్కువున్న చోట అంకె పెద్దది. అందుకే కొవ్వు మధ్యలో నీరెక్కువుండే కణితి ఇట్టే తెలుస్తుంది. కానీ రొమ్ములోని గ్రంథి కణజాలానికీ కణితికీ తేడా దాదాపు 10 శాతమేనని 2007లో వెలువడిన పెద్ద అధ్యయనంలో తేలింది. కణజాలానికి ఆనించి కొలిచే ప్రోబ్ కొస దగ్గర చిన్న గాలి బుడగ చిక్కుకున్నా, కేబుల్ కాస్త కదిలినా, కోసి తీసిన ముక్క ఆరిపోయినా ఆ కాస్త తేడా గల్లంతే. అందుకే ముందు ప్రోబ్‌ను గాల్లో ఉంచి, తర్వాత కొసను లోహంతో షార్ట్ చేసి, ఆపైన శుద్ధమైన నీటిలో ముంచి కాలిబ్రేట్ చేస్తారు, అంటే తెలిసిన అంకెలతో పరికరాన్ని సరిచేసుకుంటారు. ఆ నీటి ఉష్ణోగ్రత కూడా రాసుకోవాలి. ఇంత ఓపిగ్గా కొలిచేవాళ్లు లేకపోతే మీ కొలీగ్ వాళ్లబ్బాయి మోడల్ దేన్ని చూసి నేర్చుకుంటుందండీ?

ఒక మాట అంటాను, ఏమీ అనుకోకండి. ఉత్తరంలో పరాయి పిల్లాడి సంపాదన రాశారు, మీ అమ్మాయికి ఈ సబ్జెక్టు ఎందుకు నచ్చిందో ఒక్క ముక్క రాయలేదు. అడిగారా అసలు? అడగకుండానే వద్దంటే ఎలా?

పైథాన్, కొంచెం మెషీన్ లెర్నింగ్ పక్కన నేర్చుకోమనండి, అడ్డేమీ కాదు. చేరబోయే ల్యాబ్ గురించి మాత్రం రెండు విషయాలు కనుక్కోండి: అనలైజర్ విద్యార్థుల చేతికిస్తారా, కణజాలాల నమూనాలిచ్చే డాక్టర్లు వాళ్లతో కలిసి పనిచేస్తున్నారా? రెండూ లేకపోతే ఆ ల్యాబ్ వద్దని నేనే చెబుతాను.