గేదె అమ్మకి తప్ప ఎవరికీ చేపట్లేదు, మరి అమ్మకి రెస్ట్ ఎలా?

నువ్వు రాసింది రెండుసార్లు చదివా బాబూ. మీ అమ్మ ఈడు దాన్నే కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమనుకోకు. మిగతావాళ్ళకి కూడా అర్థమవ్వాలని నీ సంగతి రెండు ముక్కల్లో చెప్తా. తెనాలి దగ్గర పల్లెటూరు, మూడెకరాల వరి, రెండు గేదెలు, ఒకటి పాలిస్తోంది, ఇంకోటి చూడిది, అంటే కడుపుతో ఉంది. అమ్మకి 49 ఏళ్ళు, గడ్డలున్నాయని పొట్ట కోసి గర్భసంచి తీసేశారు, ఇంటికొచ్చి పన్నెండు రోజులైంది. తొమ్మిదో రోజునే పాకలోకెళ్ళి పాలు పితికింది. నువ్వు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి నాన్న మీద అరిచావు, ఆయన "నేనేమన్నా వెళ్ళమన్నానా, తనే పోయింది" అన్నాడు, అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. అమ్మని నీ దగ్గరికి తెచ్చేసుకుందామంటే రానంటోంది.

నాన్న అన్నదాంట్లో అబద్ధమేం లేదు. ఎవరూ వెళ్ళమనలేదు, అనక్కర్లేదు కూడా. సాయంత్రం అయ్యేసరికి గేదె అరుస్తుంది, పొదుగు బిగిసిపోయి ఉంటుంది, నాన్న కూర్చుంటే కాలు ఝాడిస్తుంది తప్ప చేపదు, అంటే పాలు దిగనివ్వదు. మంచం మీద పడుకుని ఆ అరుపు వింటూ మీ అమ్మ ఎలా ఊరుకుంటుంది చెప్పు. నువ్వు రోజుకి మూడుసార్లు ఫోన్ చేసి రెస్ట్ తీసుకో అమ్మా అంటున్నావు, ఆ మాటతో పాలు దిగవు కదా. పని ఇంకొకళ్ళ చేతికి మారితేనే ఆవిడ పడుకుంటుంది. అందుకని నన్నడిగితే ఈ గొడవ ముందు గేదె దగ్గర తెగాలి.

గేదె మనిషిని మరిగి ఉంటుంది, చెయ్యి మారితే నాలుగైదు రోజులు మొండికేస్తుంది, ఓపిక పడితే దారికొస్తుంది. దూడని ముందు వదలాలి, దాణాలో తెలగపిండి కాస్త ఎక్కువ వెయ్యాలి, రోజూ అదే వేళ, అదే చోటు, కొట్టకూడదు, కసరకూడదు. అమ్మ పాక బయట కుర్చీ వేసుకుని కూర్చుని ఎప్పుడూ పిలిచేటట్టే దాన్ని పిలుస్తూ ఉండాలి, పొదుగు దగ్గర మాత్రం నాన్న. మా వైపు ఇంకోటి కూడా చేసేవాళ్ళు, నవ్వకు, ఇంటావిడ కట్టి విడిచిన చీర మగాళ్ళు ఒంటికి చుట్టుకుని కూర్చునేవాళ్ళు, ఆ వాసనకి గేదె నిలబడుతుందని. మా బాబాయి, ఇంతింత మీసాలాయన, పిన్ని నల్లంచు చీర నెత్తి మీంచి కప్పుకుని పితుకుతుంటే చిన్నప్పుడు మేం గోడెక్కి చూసేవాళ్ళం. ఎవరన్నా నవ్వితే "ఈ పాలే రేపు మీ ఇంటికొచ్చేది, కాఫీ తాగేటప్పుడు నవ్వుకోండి" అనేవాడు. మొదట్లో పాలు తగ్గుతాయి, పాలకేంద్రంలో లీటరో రెండు లీటర్లో తక్కువ పోస్తారు, పోనీ. ఇంజక్షన్ పొడిస్తే వెంటనే చేపుతుంది అని ఎవడో ఒకడు వస్తాడు చూడు, వాణ్ణి పాక దగ్గరికే రానివ్వకండి, అది చట్టప్రకారం కూడా తప్పు.

గేదెని అమ్మేద్దామంటే అమ్మ ఏడ్చిందని రాశావు. ఏడవదా మరి. ధాన్యం డబ్బులు ఎరువులకీ అప్పులకీ పోతాయి, పదిహేను రోజులకోసారి వచ్చే పాల డబ్బులు ఒక్కటే ఆవిడ చేతిలో పడేవి. నీ హాస్టల్ ఫీజులు ఎందులోంచి కట్టారో ఒకసారి అడుగు. అమ్మడం గిమ్మడం ఆవిడ నోటితో అంటే తప్ప నువ్వు ఎత్తకు. దానికి బదులు పేడకళ్ళెత్తడానికీ, గడ్డి వెయ్యడానికీ, కుడితి పెట్టడానికీ ఊళ్ళోనే ఒక మనిషిని రెండు నెలలకి మాట్లాడు, ఆ డబ్బులు నువ్విచ్చెయ్యి. పాలు పితికే పని మాత్రం బయటివాళ్ళకి వద్దు, నీళ్ళు కలుపుతారని అమ్మకి భయం, పడుకోదు.

ఇప్పుడు ఒంటి సంగతి. పైన కుట్లు మానిపోయినట్టు కనపడతాయి, అందరూ అక్కడే మోసపోతారు. లోపల పొరలు గట్టిపడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. కుడితి బకెట్ 15 లీటర్లంటే 15 కిలోల పైమాటే, ఇప్పుడు ఆవిడ నీళ్ళ చెంబుకి మించి ఎత్తకూడదు, గొంతుకు కూర్చోకూడదు. మా పెద్దమ్మ ఇలాగే పదిహేనో రోజు బిందె ఎత్తింది, ఏడాది తిరక్కుండా కుట్లు వేసినచోట హెర్నియా వచ్చి మళ్ళీ కోశారు. అలాగని ఇరవై నాలుగ్గంటలూ మంచానికి అతుక్కోవడం కూడా మంచిది కాదు, కాళ్ళల్లో రక్తం గడ్డకడుతుంది, ఇంట్లోనో వాకిట్లోనో మెల్లగా నడుస్తుండాలి. జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర ఎర్రబడి చీము కారినా, కింద నుంచి వాసనొచ్చే మైల పోయినా, ఎక్కువ బ్లీడింగ్ అయినా, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెట్టినా ఆసుపత్రికి పోవాల్సిందే. ఆయాసం వస్తే ఇంకేం ఆలోచించకుండా 108కి ఫోన్.

నాయనమ్మ పథ్యం దగ్గర కాస్త గట్టిగా ఉండాలి. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు పెట్టొద్దు, నీళ్ళు ఎక్కువ తాగొద్దు, కారప్పొడీ అన్నం చాలు, ఇవే కదా ఆవిడ రూల్స్. చీము పట్టేది మురికి వల్లా, షుగర్ కంట్రోల్లో లేకపోవడం వల్లా, పాపం పప్పేం చేసింది. గాయం మానాలంటే పప్పూ గుడ్డూ పాలూ కావాలి, నీళ్ళు తాగకపోతే మలబద్ధకం వచ్చి ముక్కితే కుట్ల మీదే భారం. "మేం కాన్పయిన వారానికే నాట్లకెళ్ళాం" అంటే వాదించకు, డాక్టర్ గారు రాశారు నాయనమ్మా అని కాగితం చూపించు, ఆ తరానికి కాగితమంటే గౌరవం.

అసలు ఊళ్ళల్లో ఈ ఆపరేషన్ ఎంత మామూలైపోయిందంటే, 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 3 శాతం పైచిలుకు మందికి అయితే ఆంధ్రాలో దాదాపు 9 శాతం. వీధికి ఇద్దరు చేయించుకున్నవాళ్ళు ఉంటే ఇంక దాన్ని పెద్ద ఆపరేషన్ అని ఎవరనుకుంటారు. అమ్మ రాత్రిళ్ళు ఊరికే ఏడుస్తోందనీ, చలికాలంలో కూడా ఫ్యాన్ వేసుకుంటోందనీ రాశావు చూడు, డిశ్చార్జ్ కాగితంలో అండాశయాలు కూడా తీశారో లేదో చూడు. తీసి ఉంటే ముట్లుడిగిన లక్షణాలన్నీ ఒక్కసారే మీద పడతాయి, ఒంట్లో ఆవిర్లు, నిద్రపట్టకపోవడం, ఊరికే దుఃఖం రావడం. అది నాటకం కాదని మీ నాన్నకి తెలియాలి, ఎముకలకి కాల్షియం అవీ ఏం వాడాలో డాక్టర్ని అడగాలి.

ఇక నాన్న. ఆపరేషన్ రోజు థియేటర్ బయట చెప్పులు విప్పి నిలబడ్డాడు, పొద్దుట్నుంచి టీ కూడా తాగలేదు అని నువ్వే రాశావు, రాసేసి కింది లైన్లో ఆయనకి మనసు లేదన్నావు. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఏ పని ఎలా జరుగుతోందో చూడలేదాయన, అంతవరకు తప్పే, తిట్టు. కానీ ఫోన్లో కాదు. ఒక వారం సెలవు పెట్టి ఊరెళ్ళు, నువ్వూ పాకలో కూర్చో, తన్నులు నువ్వూ తిను. రివ్యూకి అమ్మతో నాన్నని పంపు, నువ్వు బయట కూర్చో, బరువులెత్తితే మళ్ళీ కొయ్యాల్సొస్తుందని ఆయన చెవులతో ఆయన్నే విననివ్వు, కొడుకు చెప్తే పౌరుషం అడ్డొస్తుంది.

హైదరాబాద్ సంగతి చూడిగేదె ఈనాక అమ్మనే అడుగు, ఇప్పుడు బలవంతం చెయ్యకు. ఇంకొకటి, తీసిన గర్భసంచిని బయాప్సీకి పంపారా, రిపోర్ట్ వచ్చిందా అన్నది నువ్వు ఎక్కడా రాయలేదు. అది రేపు పొద్దున్నే ఆసుపత్రికి ఫోన్ చేసి కనుక్కో.