చలికాలంలో చేనికి జనాన్ని పిలిచేముందు

నాయనా,

నీ మెసేజీ రెండుసార్లు చదివినా. డిసెంబరులో ఒక శని, ఆదివారాలు నీ మూడెకరాల్లో పర్మాకల్చర్, అంటే ప్రకృతిని చూసి నేర్చుకుని చేసే సేద్యం, దాని మీద వర్క్‌షాప్ పెడతానని, ముప్పై మందిని పిలుస్తానని, ప్రొజెక్టరు అద్దెకు మాట్లాడినానని రాసినావు. ఆ ప్రొజెక్టరు వద్దని చెప్పడానికే ఈ ఉత్తరం.

నేనూ ఒకసారి ఆ పని చేసినా. వేపచెట్టు కింద తెర కట్టి, పట్నం నుంచి వచ్చిన ఒకాయనతో రెండు గంటలు చెప్పించినా. ఆడోళ్ళు మర్యాదకు కూచున్నారు. మగోళ్ళు బీడీలకని లేచిపోయి మళ్ళీ రాలేదు. అంతా అయినాక ఒక ముసలామె అడిగింది ఒకటే: "సద్ది ఎప్పుడు పెడతారమ్మా?"

ఊరోళ్ళను పాఠానికి పిలవద్దు, పనికి పిలువు. ముయ్యికి రమ్మను. ఈరోజు వాళ్ళు నీ చేలో పని చేస్తే, రేపు నువ్వు వాళ్ళ చేలో చెయ్యాల. అట్లయితే మొహమాటానికి కాదు, లెక్కకు వస్తారు. లెక్కకు వచ్చినోడు నోరు తెరిచి మాట్లాడతాడు. ముప్పై మంది వద్దు, పదిమంది చాలు. చలిలో పొద్దున్నే ఆరింటికి రమ్మంటే ఎవరూ రారు, ఎనిమిదికి పిలువు.

ఎప్పుడు పిలవాలంటే, చెనక్కాయ కట్టె వామి వేసినాక, కంది కోతకు ముందు. ఆ రెండు మూడు వారాలే మన పక్క చేతులు ఖాళీగా ఉండేది. నేల కూడా అప్పుడే మాట వింటుంది. ఈశాన్య రుతుపవనాల వాన తడి ఇంకా ఉంటుంది, గడ్డపార దిగుతుంది. ఫిబ్రవరి వస్తే మన ఎర్రనేల రాయి అయిపోతుంది.

మొదటి పనిగా, వాన నీళ్ళు పారిపోకుండా చేలోనే ఆపే కందకాలకు ఒకే మట్టంలో గీత పెట్టించు. డబ్బులిచ్చి యంత్రం తెప్పించొద్దు. ఆరడుగుల కట్టెలు రెండు పైన కలిపి కట్టి, కాళ్ళు ఎడంగా పెట్టి, నడుమ ఒక అడ్డకట్టె కట్టు. పైముడి నుంచి దారంతో రాయి వేలాడదీయి. కాళ్ళు ఆనిన చోట్ల నేల మీద గుర్తు పెట్టి, దారం అడ్డకట్టెను ఎక్కడ తాకిందో గీత పెట్టు. కాళ్ళు అటుదిటు మార్చి, అవే గుర్తుల్లో నిలిపి, ఇంకో గీత పెట్టు. ఆ రెండు గీతల నడిమి చోటే మట్టం. ఇక ఒక కాలు నిలిపి, రెండో కాలు తిప్పుకుంటా, దారం మట్టానికి వచ్చిన చోటల్లా కొయ్య కొట్టుకుంటా పో. ఈ పని పిలకాయలకు ఇయ్యి, బాగా చేస్తారు.

కొయ్యలు కొట్టకముందే పెద్దోళ్ళను అడుగు, నీళ్ళు ఎట్ల పారతాయో. మా పక్కచేని తాత గెనెం మీద నిలబడి చేత్తో చూపించినాడు. కట్టె పెట్టి చూస్తే ఒకచోట తప్ప అంతా ఆయన చెప్పినట్టే వచ్చింది. ఆ ఒక్కచోటు గురించి ఇప్పటికీ ఇద్దరం వాదించుకుంటాం.

కందకం ఎందుకని ఎవరైనా అడిగితే ఈ లెక్క చెప్పు: 10 మిల్లీమీటర్ల వాన పడితే ఎకరా మీద 40,000 లీటర్లు పడినట్టు. మనకు ఏడాదంతా కలిపి వచ్చేది దాదాపు 550 మిల్లీమీటర్లు. 2022లో మన అనంతపురం జిల్లాను రెండుగా చేసినారు గానీ కరువును పంచుకోలేదు, అటూ అదే, ఇటూ అదే.

రెండో రోజు విత్తనాలకు పెట్టు. ఇందులో నువ్వు నోరు మూసుకొని ఉండాల. కందిచేలో ముసలోళ్ళను ముందు నడిపించి, నిండుగా కాసిన, తెగులు లేని చెట్లకు గుడ్డపీలికలు కట్టించు. కల్లం చేసినాక ఏరుకునేది తిండిగింజ, నిలబడిన చెట్టును చూసి ఎంచుకునేదే విత్తనం. పురుగు ఇంట్లో పుడుతుందని అందరూ అనుకుంటారు. అది చేలోనే కాయ మీద గుడ్డు పెట్టి గింజతో పాటు ఇంటికి వస్తుంది. అందుకే బాగా ఎండబెట్టి, బూడిద కలిపో ఎర్రమట్టి పట్టించో దాచేది. చెనక్కాయను మాత్రం కాయతోనే ఉంచు, విత్తే ముందు ఒలుచుకో. పాత విత్తనం ఉంటే నూరు గింజలు తడి గోనెపట్టాలో చుట్టి పెట్టు. వారంలో ఎనభై మొలిస్తే పరవాలేదు. అంతకు తగ్గితే ఆ మేరకు ఎక్కువ విత్తుకోవాల.

అలిసిపోయిన మధ్యాహ్నం నానిన అనపగింజలు ముందర పొయ్యి. చుట్టూ కూచొని తొక్క ఊడేట్టు పితుకుతా ఉంటే, రెండు గంటల ఉపన్యాసంలో రాని మాటలు వస్తాయి. ఎవరి బోరు ఎండింది, ఎవరి దగ్గర పాత కొర్ర విత్తనం ఉంది, అన్నీ తెలుస్తాయి. కాయలు ఒలిచి నానబెట్టేది ముందురోజు రాత్రే, మరిచిపోవద్దు. సంగటి, పితికిపప్పు చేయించు.

మిగతావి చిన్న పనులు. చెట్ల పాదుల్లో చెనక్కాయ పొట్టు, రాలిన ఆకు మందంగా కప్పించు, మొదలుకు తగలకుండా జానెడు వదిలి. గెట్టు మీది గిరిపుష్పం (పచ్చిరొట్ట ఎరువుకు పెంచే చెట్టు) కొమ్మలు నరికి అక్కడే పరుచు. ఆకు కాల్చేవాళ్ళు ఉంటారు, వాళ్ళతో గొడవ పెట్టుకోవద్దు, ఆ ఆకు నాకిస్తారా అని అడుగు.

ఇంకోమాట. పర్మాకల్చర్ గురించి 1978లో ఆస్ట్రేలియాలో బిల్ మొలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ రాసినారు. మీ అవ్వ ఆ పేరు వినకుండానే కంది, కొర్ర, అలసంద కలిపి వేసింది. అట్లని మన పెద్దోళ్ళకు అన్నీ తెలుసని గొప్పలు చెప్పొద్దు. చెనక్కాయ ఒక్కటే వేసి వేసి ఈ నేలను గుల్ల చేసింది మన తరమే, అందులో నేనూ ఉన్నా. ఊరోళ్ళ ముందర ఈ సంగతి ఒప్పుకో, నిన్ను నమ్ముతారు. పట్నపోళ్ళు వస్తే చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అని బీడు నేలను పచ్చగా చేసిన సంస్థ ఉంది, అది చూసి రమ్మను. 1990లో 32 ఎకరాల బీడుతో మొదలుపెట్టిన చోటు అది.

తేదీ ఖాయం చేసే ముందు నీ చేలో అనపకాయ ముదిరిందో లేదో చూసి ఫోను చెయ్యి. ముదరకపోతే మా ఇంటి నుంచి నాలుగు శేర్లు తెస్తా. చేట, జల్లెడ కూడా తెస్తా, నీ దగ్గర ఉండవని తెలుసు.

మీ పెద్దమ్మ