గట్టి నేల మీద బరువుల వ్యాయామం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఇంట్లో ఒక గదిని వ్యాయామానికి కేటాయించుకున్నాను. నేలంతా నున్నటి టైల్స్. 10 కిలోల డంబెల్స్ ఒక జత, ప్లేట్లతో కలిపి 40 కిలోలయ్యే బార్‌బెల్ ఒకటి ఉన్నాయి. ఒకదానిలో ఒకటి ఇమిడే ఫోమ్ పలకలను నేల మీద పరిచాను. అయినా ఈ మధ్య ఒక డంబెల్ చేతిలోంచి జారి పడితే, ఫోమ్‌కు ఏమీ కాలేదు గానీ కింద ఉన్న టైల్ పగిలింది. ఎంత మందం మ్యాట్ వేసుకుంటే నిశ్చింతగా ఉండవచ్చు? మేము ఉంటున్నది పై అంతస్తులో కాబట్టి స్లాబ్‌కు ఏమైనా ప్రమాదం ఉంటుందా?

జవాబు: టైల్ ఎందుకు పగిలిందో తెలిస్తే, ఎంత మందం కావాలన్నది మీరే అంచనా వేసుకోగలుగుతారు. పడిన వస్తువు నేలను ఎంత బలంగా కొడుతుందన్నది దాని బరువుతో పాటు మరో రెండింటి మీద ఆధారపడుతుంది: అది ఎంత ఎత్తు నుంచి పడింది, నేలను తాకిన తర్వాత ఎంత దూరంలో ఆగింది. 1 మీటరు ఎత్తు నుంచి, అంటే నిలబడిన మనిషి నడుము దగ్గర నుంచి జారిన 10 కిలోల డంబెల్ కిందికి చేరేసరికి గంటకు సుమారు 16 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. గట్టి నేల మీద అది 1 మిల్లీమీటరు దూరంలోనే ఆగవలసి వస్తే, ఆ క్షణంలో నేల మీద పడే సగటు భారం డంబెల్ బరువుకు దాదాపు 1,000 రెట్లు, అంటే 10 టన్నులు. అదే 10 మిల్లీమీటర్ల దూరంలో ఆగితే భారం 1 టన్నుకు తగ్గుతుంది. ఇదే లెక్కను రెండో వైపు నుంచి చూస్తే, కింద ఏ మ్యాటూ లేకపోయినా 10 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలిన డంబెల్ వేసే భారం కూడా సుమారు 1 టన్నే. నేలకు బెత్తెడు ఎత్తు వరకు బరువును చేతుల్లోనే ఉంచుకుని దింపేవారు, 10 మిల్లీమీటర్లు అణిగే మెత్తదనాన్ని ఏ ఖర్చూ లేకుండా సమకూర్చుకున్నట్లే. పైగా 10 మిల్లీమీటర్ల మందం గల మ్యాట్ తన మందమంతా అణగదు. అందులో కొంత భాగమే అణుగుతుంది. అందువల్ల మ్యాట్ కన్నా ముందు నేర్చుకోవలసింది బరువును దింపే పద్ధతి అని నా అభిప్రాయం. మ్యాట్ అవసరమే, కానీ అది పొరపాటున చేయి జారినప్పుడు ఆదుకోవడానికి. ప్రతి సెట్ (ఆపకుండా వరుసగా ఎత్తే కొన్ని సార్లు) చివరా బరువును పడవేయడానికి కాదు.

ఇక మీ ఫోమ్ పలకల సంగతి. ఫోమ్‌లో ఎక్కువ భాగం గాలి బుడగలే. డంబెల్ అంచు వంటి సన్నని భాగం దాని మీద పడినప్పుడు అక్కడి ఫోమ్ పూర్తిగా నలిగిపోయి కాగితంలా పలుచబడుతుంది, ఆ తర్వాత దెబ్బ నేరుగా టైల్‌కే తగులుతుంది. క్షణంలో ఫోమ్ మళ్ళీ ఉబ్బుతుంది కాబట్టి దానికి ఏమీ కానట్టే కనిపిస్తుంది. కూర్చుని, పడుకుని చేసే వ్యాయామాలకు, మోకాళ్ళ కింద వేసుకోవడానికి అది మంచిదే. బార్‌బెల్ భుజాల మీద పెట్టుకుని దాని మీద నిలబడడం మాత్రం నేను ఒప్పుకోను. ఒక పాదం కింద ఎక్కువ, మరో పాదం కింద తక్కువ అణిగి చీలమండలు ఊగుతాయి, బరువుతో ఉన్నప్పుడు ఆ మాత్రం ఊగినా మోకాలి మీద, నడుము మీద ఒత్తిడి పడుతుంది.

టైల్ నిట్టనిలువు ఒత్తిడిని బాగా మోస్తుంది, వంపును మాత్రం తట్టుకోలేదు. దాని కింద సిమెంటు లేదా జిగురు అన్ని వైపులా నిండుగా ఉంటే దెబ్బ స్లాబ్‌కు చేరిపోతుంది; ఎక్కడైనా గుల్లగా ఉంటే అక్కడ టైల్ వంగబోయి చిట్లుతుంది. అందుకే స్థలం ఎంచుకునేటప్పుడు ఒక నాణెంతోనో చెక్క పిడితోనో టైల్స్‌ను మెల్లగా తట్టి చూడండి. గుల్ల శబ్దం వచ్చిన చోట బరువుల పని పెట్టుకోవద్దు. పాలరాయి, గ్రానైట్ నేలలకు కూడా ఇదే పరీక్ష వర్తిస్తుంది. పాలరాయిలో అదనంగా చారల వెంబడి బీట పడే అవకాశం ఉంటుంది. చెక్క నేల పగలడం అరుదు గానీ సొట్టలు పడుతుంది.

మీ దగ్గర ఉన్న బరువులకు నేను సూచించే ఏర్పాటు ఇది. అడుగున 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, దాని పైన 15 నుంచి 20 మిల్లీమీటర్ల దట్టమైన రబ్బరు. రబ్బరు దెబ్బ తీవ్రతను తగ్గిస్తుంది. ప్లైవుడ్ ఆ దెబ్బను ఒక్క చోట నిలవనీయకుండా విశాలంగా పంచుతుంది. ప్లైవుడ్ జారకుండా, దాని కింద ఇసుక రేణువులు చేరి టైల్స్‌ను గీకకుండా అడుగున మరో పలుచని రబ్బరు పొర వేయండి. డంబెల్స్ మాత్రమే వాడుతూ వాటిని చేత్తో దింపేవారికి 8 నుంచి 10 మిల్లీమీటర్ల రబ్బరు సరిపోతుంది. బార్‌బెల్‌కు మాత్రం వెడల్పు చూసుకోవాలి: పోటీల్లో వాడే పురుషుల బార్ పొడవు 2.2 మీటర్లు, మహిళల బార్ పొడవు 2.01 మీటర్లు. మీ బార్ అంతకన్నా చిన్నదైనా, రెండు చివరల ప్లేట్లూ పూర్తిగా రబ్బరు మీదే ఆనేటట్లు ఉండాలి. నిలబడే చోట రబ్బరు ఉండి, ప్లేట్లు దిగే చోట ఉత్త టైల్ ఉండడం చాలా ఇళ్ళలో కనిపించే లోపం.

చిన్న ఇనుప ప్లేట్ల విషయంలో ఇంకొక మాట. పోటీల్లో వాడే పెద్ద ప్లేట్ల వ్యాసం 450 మిల్లీమీటర్లు, కాబట్టి నేల మీద ఉన్నప్పుడు బార్ 225 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. చిన్న ప్లేట్లతో అది ఇంకా కిందికి దిగిపోవడంతో, డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ను నిటారుగా నిలబడే వరకు ఎత్తే వ్యాయామం) చేసేవారు అవసరానికి మించి వంగి నడుమును గుండ్రంగా చేస్తారు. రెండు వైపులా ప్లేట్ల కింద రబ్బరు ముక్కలను సమానమైన ఎత్తుకు పేర్చితే ఈ ఇబ్బందీ తీరుతుంది, నేలకూ రక్షణ పెరుగుతుంది. పోత ఇనుము పెళుసైనది. దాన్ని గట్టి నేల మీద పడవేస్తే ప్లేటే చిట్లవచ్చు.

స్లాబ్ గురించి ఆందోళన అక్కర్లేదు. నివాస గదుల నేలను సాధారణంగా చదరపు మీటరుకు సుమారు 200 కిలోల అదనపు భారం మోసేలా రూపొందిస్తారు. 3 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల పొడవు గల గదికి ఆ లెక్కన 2,400 కిలోలు. 70 కిలోల మనిషి, 40 కిలోల బార్‌బెల్ కలిసినా అందులో చిన్న భాగమే. అయితే భవనం పాతదై, స్లాబ్‌లో ఇప్పటికే బీటలు ఉంటే ఇంజినీరుకు చూపించిన తర్వాతే బరువులు చేర్చండి. గోడ ఆధారం లేకుండా బయటికి పొడుచుకు వచ్చిన బాల్కనీలో ప్లేట్లు కుప్పగా పేర్చవద్దు.

ప్రశ్న: నేను ఒంటరిగా వ్యాయామం చేస్తాను. సెట్ మధ్యలో బలం చాలకపోతే జిమ్‌లో అయితే బరువు కింద పడేయవచ్చు. ఇంట్లో రాతి నేల మీద అలా చేయలేను. ఏం చేయాలి?

జవాబు: బలం పూర్తిగా అయిపోయే వరకు చేయకపోవడమే మొదటి రక్షణ. ఇంకా ఒకటి రెండు సార్లు ఎత్తగలననిపించినప్పుడే సెట్ ఆపండి. కండరాల పెరుగుదలకు దీనివల్ల చెప్పుకోదగ్గ నష్టం లేదు. కండరం ఎత్తగలిగే దానికన్నా ఎక్కువ బరువును నిదానంగా దింపగలదు. కాబట్టి ఆఖరి సారి ఎత్తగలిగిన బరువును అదుపులో దింపే శక్తి సాధారణంగా మీలో మిగిలే ఉంటుంది. బరువు నేలకు ఆని, చేయి వదిలిన తర్వాతే సెట్ ముగిసినట్లు లెక్క.

వెల్లకిలా పడుకుని డంబెల్స్‌తో చేసేటప్పుడు, సెట్ అయ్యాక మోకాళ్ళు పైకి మడిచి డంబెల్స్‌ను నిలువుగా తొడల మీదికి తెచ్చుకుని, కాళ్ళను కిందికి దించే ఊపుతో లేచి కూర్చోండి. వీడియోల్లో కొందరు రెండు చేతులూ చాచి రెండు పక్కలకూ డంబెల్స్ విసిరేస్తారు; అది నేలకే కాక భుజం కీలుకూ కీడు చేస్తుంది. బార్‌బెల్ బెంచ్ ప్రెస్‌ను (బెంచి మీద వెల్లకిలా పడుకుని బార్‌ను ఛాతీ మీది నుంచి పైకి నెట్టే వ్యాయామాన్ని), ఛాతీ ఎత్తుకు సర్దుకునే అడ్డకడ్డీలున్న స్టాండు లేకుండా ఒంటరిగా చేయవద్దు. కడ్డీలు లేకపోతే నేల మీద పడుకుని డంబెల్స్‌తో చేయండి. మోచేతులు నేలను తాకగానే కదలిక ఆగుతుంది, బరువు మీద పడే భయం తగ్గుతుంది. స్క్వాట్‌కు (బరువుతో గుంజీలా కూర్చుని లేచే వ్యాయామానికి) కూడా ఇదే మాట: స్టాండు లేనివారు ఒక డంబెల్‌ను రెండు చేతులతో ఛాతీకి ఆనించి పట్టుకుని చేస్తే, అలసినప్పుడు దాన్ని ముందుకు దింపి పెట్టడం సులభం.

అయినా ఎప్పుడైనా జారితే పట్టుకోబోవద్దు. పాదం వెనక్కి తీయండి, చేతులు వదిలేయండి. పగిలిన టైల్‌ను మార్చుకోవచ్చు. స్టాండు మీద ఉన్న బార్ నుంచి ప్లేట్లు తీసేటప్పుడు ఒకే వైపు అన్నీ తీయకుండా ఇటొకటి అటొకటి తీయండి, లేకపోతే బరువున్న వైపుకు బార్ తిరగబడుతుంది. మరలతో బిగించే డంబెల్స్‌కు ప్రతి సెట్ ముందూ నట్టు తిప్పి చూడాలి. మీటతో బరువు మార్చుకునే రకం డంబెల్‌ను ఎంత మందం మ్యాట్ మీదైనా పడవేయకూడదు. లోపలి కొక్కెం దెబ్బతింటే మరుసటి సారి ఎత్తినప్పుడు ప్లేటు ఊడి పడుతుంది.

ప్రశ్న: మ్యాట్ వేసినా శబ్దం వస్తోందని కింది అంతస్తు వారు అంటున్నారు. మా గదిలో అంత చప్పుడేమీ వినిపించదు.

జవాబు: వారు చెప్పేది నిజమే అయి ఉంటుంది. ఈ శబ్దం గాలిలో కన్నా స్లాబ్ ద్వారానే ఎక్కువగా ప్రయాణిస్తుంది, కాబట్టి మీకు మెత్తగా వినిపించినది కింది గదిలో దడదడమనవచ్చు. రబ్బరు, ప్లైవుడ్, మళ్ళీ రబ్బరు అన్న పొరల అమరిక ఒకే మందపాటి పొర కన్నా కొంత మెరుగు. ఆ వేదిక గోడకు తగలకుండా కొంచెం ఖాళీ వదలండి, గది నడుమ కాకుండా గోడల దాపున వేయండి; స్లాబ్ మధ్య భాగం ఎక్కువగా కంపిస్తుంది. గెంతే వ్యాయామాలు మానడం కూడా అవసరం కావచ్చు.

ప్రశ్న: వట్టి కాళ్ళతో చేయడం మంచిదా, బూట్లతోనా? నేల చాలా నునుపు.

జవాబు: దట్టమైన రబ్బరు మీద వట్టి పాదాలు బాగానే పట్టు చిక్కించుకుంటాయి. నునుపు నేల మీద మేజోళ్ళు మాత్రం వద్దు. పరుగుకు వాడే మెత్తటి బూట్ల కన్నా చదునైన, గట్టి అడుగున్న బూట్లు బరువులకు నయం. మామూలు బూటు 10 కిలోల ఇనుము నుంచి కాలివేళ్ళను కాపాడలేదు, కాబట్టి వేసుకున్నాం కదా అని ధైర్యపడవద్దు. చెమట చుక్కలు టైల్ మీద పడితే సెట్ల మధ్యే తుడవండి. చేతులకు రాసుకునే పొడి రాలినా అంతే జారుడు. బెంచి కాళ్ళ కింద రబ్బరు ముక్కలు పెట్టండి. గుండ్రటి డంబెల్స్ దొర్లి వచ్చి కాలి కిందికి చేరతాయి, కాబట్టి ఆరు పలకల తలలున్నవి కొనండి, లేదా ఉన్నవాటిని సెట్ కాగానే అరలో పెట్టండి.

ప్రశ్న: కొత్త రబ్బరు మ్యాట్ వాసన భరించలేకుండా ఉంది. దానివల్ల నేల రంగు మారుతుందని కూడా విన్నాను.

జవాబు: కొన్నాళ్ళు గాలి ఆడే చోట ఆరబెట్టి, తక్కువ గాఢత గల సబ్బునీటితో తుడిస్తే వాసన చాలావరకు తగ్గుతుంది. వినైల్ నేల మీద రబ్బరును నేరుగా పరిస్తే అందులోని రసాయనాలు నేలలోకి ఇంకి, తుడిచినా పోని పసుపు లేదా గోధుమ మరకలు పడతాయి. మధ్యలో ప్లైవుడ్ ఉండి, దాని అడుగున రబ్బరు పొర వేయకపోతే ఈ బెడద ఉండదు. టైల్స్‌కు ఆ భయం తక్కువ గానీ, పాలరాయి మీదా చెక్క నేల మీదా మ్యాట్ కింద తేమ నిలిచి మచ్చలు వస్తాయి, కాబట్టి అప్పుడప్పుడు మ్యాట్ ఎత్తి నేలను పూర్తిగా ఆరనివ్వండి.