కూరగాయల కొట్టు క్యూఆర్ కోడ్‌లో బోసు గారి లెక్క

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మా అమ్మాయి బీఎస్సీ మ్యాథ్స్ రెండో ఏడు. కాంబినేటరిక్స్‌లో (వస్తువులను ఎలా అమర్చాలి, ఎన్ని రకాలుగా అని చూసే గణితం) రీసెర్చ్ చేస్తానని పట్టుబట్టింది. మా బావగారేమో ఎంసీఏలో చేర్పించమంటున్నారు. ఇదే నమ్ముకుని జీవితమంతా పనిచేసినవాళ్లున్నారా? దానివల్ల ఎవరికైనా ఏమైనా ఒరిగిందా? నాకు టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి, బొబ్బిలి

జవాబు: అయ్యా, ఇవాళ పొద్దున వంకాయలు కొని ఫోన్‌తో డబ్బులు కట్టాను. కొట్టువాడి క్యూఆర్ కోడ్ అట్ట మీద బురద చుక్కలున్నాయి, అయినా ఫోన్ టక్కున చదివేసింది. ఆ కోడ్ మూలల్లో మూడు పెద్ద చదరాలుంటాయి చూడండి. వాటి పక్కనే 15 చిన్న గళ్లలో, మిగతాదంతా ఎలా చదవాలో రాసి ఉంటుంది. అందులో అసలు సమాచారం 5 గళ్లే, మిగిలిన 10 కాపలా. మూడు గళ్లు చెడినా ఫోన్ సరిదిద్దుకుంటుంది. దీన్ని బీసీహెచ్ కోడ్ అంటారు. అందులో 'బీ' రాజ్‌చంద్ర బోసు గారు, 'సీ' ఆయన శిష్యుడు రే-చౌధురి. 'హెచ్' ఫ్రాన్సులో విడిగా అదే కనిపెట్టిన ఒకెంగెమ్.

బోసు గారు 1901లో హోషంగాబాద్‌లో పుట్టారు. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో తల్లి పోయింది, మరుసటి ఏడు తండ్రి. పెద్దకొడుకు కాబట్టి ఇంటి బరువు ఆయన మీదే పడింది. కలకత్తా కాలేజీలో జామెట్రీ చెప్పుకుంటూ ఉంటే, 1932లో స్టాటిస్టిక్స్ పండితుడు మహలనోబిస్ గారు వచ్చి తాను పెట్టిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ)లో పార్ట్ టైమ్‌గా చేరమన్నారు. స్టాటిస్టిక్స్ ఆయన చదివింది కాదు. ముప్పై దాటాక మొదలుపెట్టారు.

కొన్నేళ్లకు ఇంగ్లండ్ నుంచి స్టాటిస్టిక్స్ పండితుడు ఫిషర్ వచ్చినప్పుడు పొలం లెక్క ఒకటి బోసు గారిని పట్టుకుంది. మన ఊరి మాటల్లో చెప్తాను. ఏడు రకాల వరి ఉంది: స్వర్ణ, సాంబ మసూరి, ఇంకో అయిదు. ఒక్కో మడిలో మూడు రకాలే పడతాయి. ఒక మడి నేల సారం, ఇంకొకటి చౌడు. ఒకే నేలలో పక్కపక్కన పెరిగితేనే రెండు రకాలను పోల్చడం న్యాయం. ఏడు మడుల్లో ఏ రెండు రకాలైనా సరిగ్గా ఒక్కసారి కలిసి పడాలి. ఎలా? రకాలకు 1 నుంచి 7 దాకా నంబర్లిచ్చి, ఒక్కో మడిలో పడే మూడూ రాస్తే: 124, 235, 346, 457, 561, 672, 713. సరిచూసుకోండి, ఒక్క జత తప్పిపోదు. ఇది చిన్నది కాబట్టి చేత్తో కుదురుతుంది. రకాలు, మడులు పెరిగితే ఇలాంటి అమరికలు ఎలా కట్టాలో బోసు గారు 1939లో పద్ధతులు చూపించారు. వాడింది తను ముందు చదివిన జామెట్రీయే. ఆ వ్యాసం చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అప్పటిదాకా పిల్లలకు సంచిలో ఎర్రబంతులు, తెల్లబంతులు తప్ప ఇంకేమీ చెప్పలేదే అని బాధపడ్డాను.

1949లో ఆయన అమెరికాలోని నార్త్ కరొలినా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ ఆయన తలపడింది పాతకాలపు గొప్ప గణితవేత్త ఆయిలర్ మాటతో. ఆరు దళాల నుంచి ఆరేసి హోదాల అధికారులు, మొత్తం 36 మంది. ఏ అడ్డవరసలోనూ ఏ నిలువు వరసలోనూ దళం గానీ హోదా గానీ రెండోసారి రాకుండా చదరంగా నిలబెట్టాలి. కుదరదన్నాడు ఆయిలర్ 1782లో. ఆరు బదులు 10, 14, 18, 22... ఇలా నాలుగుతో భాగిస్తే రెండు మిగిలే ఏ సంఖ్యకూ కుదరదని ఊహించాడు. 36 మందికి కుదరదని 1901కల్లా ఫ్రాన్సుకు చెందిన టారీ తేల్చాడు. మిగతావి అలాగే ఉండిపోయాయి.

1959లో బోసు గారు, ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసిన శ్రీఖండే గారు కలిసి 22 దళాలు, 22 హోదాలకు అలాంటి చదరం కట్టి చూపించారు. అమెరికా గణితవేత్త పార్కర్ 10కి కట్టాడు. తర్వాత ముగ్గురూ కలిసి 2, 6 తప్ప అన్నిటికీ కుదురుతుందని నిరూపించారు. ఆ ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వార్త వచ్చింది. అప్పటికి బోసు గారికి 57 ఏళ్లు. బీసీహెచ్ కోడ్ వ్యాసం ఆ మరుసటి ఏడాదే.

మనవాళ్ల సంగతీ చెప్పాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి 1941లో కలకత్తా వెళ్లిన సి.ఆర్. రావు గారు బోసు గారితో కలిసి వ్యాసాలు రాశారు. తర్వాత రావు గారు తెచ్చిన ఆర్థోగొనల్ ఎర్రేలు (ప్రతి కలయికా సమానంగా వచ్చేలా పేర్చిన పట్టికలు) ఇవాళ ఫ్యాక్టరీల్లో సరుకు నాణ్యత పరీక్షించడానికి వాడుతున్నారు.

మీ అమ్మాయిని ఎంసీఏకి బలవంతపెట్టకండి. డిగ్రీ అయ్యాక ఐఎస్ఐ ఎం.మ్యాథ్ ఎంట్రన్స్ రాయనివ్వండి, పాత పేపర్లు ఇప్పటి నుంచే ముందేసుకోమనండి. సీటు రాకపోతే అప్పుడు మీ బావగారి మాట ఆలోచించవచ్చు.

ఈలోగా పేకముక్కలు తీసి ఆసు, రాజు, రాణి, జాకీ నాలుగు రంగులవీ, మొత్తం 16, నేల మీద పరచమనండి. ఏ వరసలోనూ బొమ్మ గానీ రంగు గానీ రెండుసార్లు రాకూడదు. ఎంతసేపట్లో కుదిరిందో, ఎలా ఆలోచించిందో తననే నాకు ఉత్తరం రాయమనండి.