యాభై దాటినవాళ్లకు ఇప్పుడు చదువెందుకు?

"యాభై దాటినవాళ్లకు ఇప్పుడు నేర్పి ఏం లాభం, మా ఊళ్లో సాయంత్రం తరగతి పెడితే వారానికే ఖాళీ అయింది" అని మీరు రాశారు. దానికి వాళ్ల వయసు కారణమని నేననుకోను.

నేనుండేది హైదరాబాద్ ఉప్పల్‌లో, సొంతూరు జనగామ వైపు. మా అమ్మ బడికి పోలేదు. అంకెలు నేర్చుకున్నది పొదుపు సంఘంలోనే. లీడరు పుస్తకం రాస్తుంటే పక్కన కూర్చుని, తన పేరు ముందున్న గడి మీద వేలు పెట్టి "ఇది పొదుపా, అప్పా?" అని అడిగేది. వడ్డీ లెక్క మాత్రం ఎవరూ నేర్పక్కర్లేదు, రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు. బ్యాంకాయన ఏడాదికి 12 శాతం అంటేనే తికమక. "అంటే నూటికి నెలకు రూపాయే గదా వదినా" అని సంఘంలో ఒకామె అనేసరికి ముడి విడిపోయింది. పావలా వడ్డీ అంటే ఏడాదికి 3 శాతమని నాకు చెప్పింది అమ్మే. ఇప్పుడు ఊళ్లోకి ఫైనాన్స్ వాళ్లొచ్చి వారానికింత కట్టాలంటే, నెలకు నూటికెంత పడుతుందో చూశాకే మాట్లాడుతుంది.

నెల్లూరు జిల్లా దూబగుంట సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో చదువుకోడానికొచ్చిన ఆడవాళ్లు, వాచకంలో సారా గురించిన పాఠం దగ్గర తమ ఇళ్ల గొడవలు మాట్లాడుకున్నారు. ఊళ్లో సారా దుకాణం మూయించారు. అది అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించింది. అక్షరాలకు అంత బలం వచ్చింది వాళ్లు కలిసి కూర్చుని మాట్లాడుకోవడం వల్లే.

మగవాళ్లూ అంతే. మా జిల్లాలోనే ఉన్న ఏనెబావి 2006లో రసాయనాలు పూర్తిగా వదిలేసిన ఊరిగా ప్రకటించుకుంది. అధికారులు ఎన్ని చెప్పినా కదలని మా బాపు, అక్కడికి పోయి ఒక రైతుతో చేను గట్టున కూర్చుని ఎకరానికి పెట్టుబడెంత, వేపకషాయం ఎప్పుడు కొట్టాలి అని అడిగి వచ్చాకే పురుగుమందు డబ్బాలు తగ్గించాడు.

అందుకే మీ తరగతి వేళ మార్చండి. సాయంత్రం ఆడవాళ్లకు పొయ్యి దగ్గర పని, పత్తి ఏరే రోజుల్లో అసలే కుదరదు. సంఘం మీటింగు అయ్యాక అరగంట చాలు. పలకలు, వాచకాలు తర్వాత చూద్దాం. ముందు ఎవరి బ్యాంకు పాసుపుస్తకం వాళ్లని తెచ్చుకోమనండి, వాళ్లు అడిగిన గడి నుంచే మొదలుపెట్టండి.